పావుగంట ముందే పడిన అక్షింతలు

పెళ్లిళ్ళలో జరిగే ఘోరాల గురించి మీరు చాలా వినే ఉంటారు. మంగళసూత్రాలు ఇంట్లో మరిచిపోయి రావడం, పెళ్లికొడుకు చెప్పులు మాయం కావడం, అప్పడం అందలేదని వియ్యాలవారు అలగడం. అవన్నీ చిల్లర ఘోరాలు. నేను చెప్పబోయేది టోకు ఘోరం. చిలకలూరిపేట దగ్గర హైవే పక్క కల్యాణమండపంలో, బంధుమిత్రులందరూ చూస్తుండగా, ఎవరి సాయమూ లేకుండా ఈ పది వేళ్ళతో నేనే చేశాను. ఇది చదివాక మీ ఇంటి పెళ్లి మీకు సీతారాముల కల్యాణంలా కనిపించకపోతే అప్పుడు నన్ను అడగండి.

అప్పటికి నేను గుంటూరులో డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు రత్నం మాస్టారి దగ్గర కీబోర్డు నేర్చుకుంటున్నాను. మాస్టారు ఆదివారాలు చర్చిలో వాయిస్తారు, మిగిలిన రోజుల్లో మాలాంటి వాళ్ళ వేళ్ళను భరిస్తారు. రెండేళ్ళు నేర్చుకునేసరికి పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకోవడం మానేశారు. ఆ మాత్రానికే నా కళ్ళు నెత్తికెక్కాయి. ఎవరో రాసిన నోట్సు చూసి వాయించడం నామోషీ అనిపించింది. నేనే పాటల్ని పియానోకి దించుతానని ప్రకటించాను. దించడమంటే మరేం లేదు. యాభై మంది కూర్చుని వాయించిన సంగీతాన్ని ఒక్క మనిషి రెండు చేతులతో వాయించగలిగేలా తిరగరాయడం. పిచ్చోడి చేతిలో రాయి అంటారు కదా, ఆ రాయి బదులు కీబోర్డు ఊహించుకోండి.

సరిగ్గా అప్పుడే మా శ్రావణక్క పెళ్లి కుదిరింది. శ్రావణక్క మా పెద్దనాన్న కూతురు. పెద్దనాన్నది చిలకలూరిపేటే. పత్తి, మిరప వేస్తాడు. ఆ ఇంట్లో ఆయన మాటంటే మాటే. అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పుట్టి బుద్ధెరిగాక ఇది కావాలి అని నోరు తెరిచి అడిగిన మనిషి కాదు. తను ఇంటర్‌లో ఉండగా పచ్చకామెర్లు వచ్చి ఎండాకాలమంతా మంచం పట్టింది. నన్ను తోడుకి పంపారు. ఉప్పూకారం లేని చప్పిడి తిండి తింటూ, ఫోనులో ఒక జపాను యానిమే చూస్తూ ఆ ఎండాకాలం గడిపేశాం. అందులో సముద్రం ఒడ్డున దీపస్తంభం చూసుకునే ఒక ఒంటరి పిల్ల ఉంటుంది. ప్రతి భాగం చివరా ఒక పాట వచ్చేది. మాటలుండవు, సంగీతమే. అది మొదలుకాగానే అక్క కళ్ళు మూసుకుని, "ఇది విన్నప్పుడల్లా నాకు తగ్గిపోతుందనిపిస్తుందే" అనేది. తగ్గిపోయింది కూడా. డాక్టరుగారు మందుల వల్ల అన్నారు. మేమిద్దరం మాత్రం ఒప్పుకోలేదు.

పెళ్లి పనులు మొదలయ్యాక ఒక ఆదివారం అక్క పెద్దనాన్న ముందుకొచ్చి నిలబడింది. నేను పక్కనే ఉన్నాను.

"నాన్నా, చీర మీరు చెప్పిందే కట్టుకుంటాను. నగలు అమ్మ చెప్పినవే పెట్టుకుంటాను. నన్ను బుట్టలో మండపంలోకి తీసుకొచ్చేటప్పుడు మాత్రం ఒక పాట ఉంది, అది కావాలి."

"ఏం పాట?"

"జపాను వాళ్ళ బొమ్మల సీరియల్లోది."

పెద్దనాన్న తన బట్టతల నిమురుకున్నాడు. "ముహూర్తం ముందు బొమ్మల పాటేంటమ్మా? తేడా వస్తే?"

"రాదు నాన్నా. మన హారిక వాయిస్తుంది."

పెద్దనాన్న నన్ను, మిరపకాయల బస్తాలో అడుగున తాలుకాయలున్నాయేమోనని చూసే వ్యాపారిలా చూశాడు. "నువ్వడిగావు కాబట్టి ఒప్పుకుంటున్నాను. అది గనక తేడా చేసిందనుకో, ఇకమీదట ఈ ఇంట్లో నీ మాట చెల్లదు. తర్వాత ఏడిస్తే లాభంలేదు."

"చేయదు నాన్నా" అంది అక్క నిబ్బరంగా. జన్మలో ఒక్కటంటే ఒక్కటి అడిగింది, దానికి జామీను నన్ను పెట్టింది. ఆ క్షణంలో నా గుండె ఉప్పొంగిపోయింది. భయపడాల్సిన సమయంలో ఉప్పొంగడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

ఇంక పాట దించడానికి కూర్చున్నాను. మొదట్లో అది ఒక్క వేణువు మీద నడుస్తుంది. తర్వాత వయొలిన్లు వస్తాయి. ఆ వెనక ఆడవాళ్ళ కోరస్. ఆపైన గంటలు. అన్నీ కలిసి పైకి లేచి లేచి, చివర్లో మనిషి ఎత్తు డోళ్ళు ఉరుముల్లా మోగుతాయి. బుద్ధున్న మనిషి అయితే వేణువుని కుడిచేతికిచ్చి, ఎడమచేత్తో కింద నాలుగు స్వరాలు వేసుకుని దణ్ణం పెట్టి లేచి వచ్చేస్తుంది. నేను అన్నిటినీ పెట్టాను. చిటికెనవేలికి వేణువు, మధ్యవేళ్ళకి వయొలిన్లు, గంటలు, బొటనవేలికి కోరస్. ఎడమచేతికి డోళ్ళు. కింది స్వరాల మీద బొటనవేలూ చిటికెనవేలూ మార్చి మార్చి దడదడలాడించడమే. ఆ దడదడ చిన్నగా మొదలై అంతకంతకూ పెరుగుతూ పోవాలి. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, పాట పూర్తికాకముందే దాన్ని యూట్యూబ్‌లో పెడితే కింద జపాను వాళ్ళు ఏం కామెంట్లు రాస్తారో కూడా ఊహించేసుకున్నాను.

మాస్టారికి వినిపించాను. ఆయన విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏమేం తీసేశావమ్మా ఇందులోంచి?"

"ఏమీ తీసెయ్యలేదండి. అన్నీ ఉన్నాయి."

"అదే మరి. గుంటూరులో బస్సెక్కిన వాళ్ళందరికీ సీటు దొరుకుతుందా? ఎవర్ని కూర్చోబెట్టాలో, ఎవర్ని దింపెయ్యాలో చూసుకోవాలి. ముందు ఆ డోళ్ళని దింపు తల్లీ."

"డోళ్ళు లేకపోతే మజా ఏముంటుంది మాస్టారూ?"

ఆయన నవ్వి ఊరుకున్నారు. మొదటిసారి వంట చేసి మురిసిపోతున్న పిల్లని ఉప్పెక్కువైందని ఎంతని అంటారు పాపం.

ఇంటికొచ్చి సాధన మొదలుపెట్టాను. వంటింట్లోంచి మా అమ్మ కేకేసింది. "ఎవరో తలుపు బాదుతున్నారు, చూడవే."

"తలుపు కాదమ్మా, నా ఎడమచెయ్యి."

"ముందే చెప్పొద్దూ. రెండుసార్లు వెళ్ళి తీసొచ్చాను."

అప్పటికైనా నాకు బుద్ధి రావాలి. రాలేదు. డోళ్ళు అంత బాగా పలుకుతున్నాయన్నమాట అని సంబరపడ్డాను.

పెళ్లిరోజు వచ్చింది. ముహూర్తం మిట్టమధ్యాహ్నానికి కాస్త ముందు. ఇక్కడ మీకొక సంగతి గుర్తుచేయాలి. మన పెళ్లిళ్ళలో ముహూర్తం వేళకి పురోహితుడు చెయ్యెత్తుతాడు. డోలు, సన్నాయి గట్టిమేళం అందుకుంటాయి. వధూవరులు అడ్డుతెర మీదుగా ఒకరి నెత్తిన ఒకరు జీలకర్ర బెల్లం పెడతారు. వచ్చినవాళ్ళంతా అక్షింతలు వేస్తారు. వేసి, చేతులు దులుపుకుని, నేరుగా భోజనాలకి పరుగెడతారు. జనంలో చాలామందికి మంత్రం తెలియదు, వేదిక కనబడదు. వాళ్ళకి తెలిసిందల్లా ఒకటే. డోలు ఉధృతంగా మోగితే అక్షింతలు వెయ్యాలి, అక్షింతలు వేస్తే అన్నం తినాలి. ఇదంతా నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఒక డోలువాద్యాన్ని ఎడమచేతిలో పట్టుకుని పెళ్లికి పోతున్నానన్నది మాత్రం తట్టలేదు. పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు అంటారు. నేను పులిని పెట్టుకెళ్ళాను.

నా కీబోర్డుని మండపం స్పీకర్లకి తగిలించారు. ముందురోజు కుర్రాళ్ళ డాన్సుల కోసం ఆ స్పీకర్లలో బేస్ శబ్దాన్ని అందినంత పెంచి, అలాగే వదిలేశారు. మేళంవాళ్ళు వేదికకి అవతలి పక్కనున్నారు. డోలు వాయించే కోటయ్యగారు స్తంభం చాటున కూర్చుని టీ తాగుతున్నాడు. మధ్యలో ఇలా ఒక పాట ఉంటుందని ఆయనకి ఒక్క మాట చెప్పాలని మా వంశంలో ఒక్కరికీ తోచలేదు.

వేదిక మీద పెళ్లికొడుకు కార్తీక్ బావ కూర్చున్నాడు. వేటపాలెం వాళ్ళు, జీడిపప్పు వ్యాపారం. మెతక మనిషి. ఆయన ముందు అడ్డుతెర కట్టారు. శాస్త్రిగారు తమలపాకులో జీలకర్ర బెల్లం ముద్ద ఆయన చేతిలో పెట్టి, "పట్టుకో నాయనా. మేళం మోగగానే తెర మీదుగా చెయ్యి చాపి అమ్మాయి నెత్తిన పెట్టు. నేను చెప్పేదాకా తియ్యకు" అని, పానకాల బిందె సర్దుకోవడానికి పక్కకి వెళ్ళారు. ముహూర్తానికి ఇంకా పావుగంట ఉంది.

గుమ్మంలో మేనమామలు బుట్ట ఎత్తారు. బుట్టలో అక్క, చేతిలో కొబ్బరిబోండాం. నావైపు చూసి కళ్ళతోనే "కానీ" అంది. మొదలుపెట్టాను.

వేణువు బాగానే వచ్చింది. హాలు సద్దుమణిగింది. ముందు వరుసలో ఒక పెద్దావిడ "ఎంత బావుందో" అనడం విన్నాను. అక్క కళ్ళు మూసుకుంది. అక్కడ ఆపి ఉంటే ఈ కథ లేదు. వయొలిన్లు వచ్చాయి. కోరస్ వచ్చింది. నా ఎడమచెయ్యి కదిలింది.

స్పీకర్ల లోంచి దడదడ మొదలైంది. నేలలోంచి వస్తున్నట్టుంది. పెరిగింది. ఇంకా పెరిగింది. స్తంభం చాటున కోటయ్యగారి చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. ఆయన ముఖం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. గట్టిమేళం మోగుతోంది, డోలు మాత్రం తన ఒళ్ళో ఉంది. శాస్త్రిగారు చెయ్యెత్తితే టీ గొడవలో తను చూసుకోలేదనుకున్నాడు. ఇన్నేళ్ళ వృత్తిలో ఎన్నడూ ముహూర్తం తప్పని మనిషి. గ్లాసు గిరాటేసి, డోలు లాక్కుని, తప్పిన ప్రతి దెబ్బనీ వడ్డీతో సహా కొట్టాడు. సన్నాయి ఆయన ఉలిక్కిపడి ఎత్తుకున్నాడు.

ఇక చూడండి. వందల చేతులు ఒక్కసారి లేచాయి. అక్షింతల వాన. ఎవరి మీద? వేదిక ఇంకా దూరంగా ఉంది. నడుమ దారిలో బుట్ట, బుట్టలో అక్క. ఎదురుగా పెళ్లికూతురు కనబడుతుంటే ఎవరు మాత్రం వెయ్యకుండా ఉంటారు? అక్క మీద, మామయ్యల మీద, బోండాం మీద ఎడాపెడా వేశారు. కళ్ళలో బియ్యం పడి పెద్దమామయ్య "ఆగండ్రా బాబూ" అని అరుస్తున్నాడు. డోలులో ఎవరికి వినబడుతుంది?

వేదిక మీద అంతకంటే మహత్తరమైనది జరిగింది. మా పెద్దనాన్న తెరకి ఇవతల వంగి, కూతురు కూర్చోబోయే పీట సరిచేస్తున్నాడు. మేళం వినగానే కార్తీక్ బావ, చెప్పిన మాట వినే మనిషి కదా, తెర మీదుగా చెయ్యి చాపాడు. ఒక తల తగిలింది. జీలకర్ర బెల్లం ముద్ద దానిమీద భక్తిగా అద్ది, గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవడ్రా అది?" అంది తల.

బావ కంగారుపడ్డాడు. అయినా చెయ్యి తియ్యలేదు. శాస్త్రిగారు తియ్యమనలేదుగా.

"నేనేనండి, కార్తీక్‌ని" అన్నాడు తెర వెనక నుంచి.

"అల్లుడుగారా? ముందు చెయ్యి తియ్యండి బాబూ, నడుం పట్టేసింది."

"శాస్త్రిగారు చెప్పాలండి."

శాస్త్రిగారు పరుగున వచ్చి ఇద్దరినీ విడదీశారు. నేను వాయించడం ఎప్పుడు ఆపానో నాకే తెలియదు. డోలు కూడా ఆగింది. ఆ నిశ్శబ్దంలో శాస్త్రిగారు, "ఇంకా పావుగంట ఉందయ్యా, ఎవరయ్యా మేళం ఎత్తింది?" అన్నారు. కోటయ్యగారు వేలు చాపి నన్ను చూపించాడు. వెనక్కి తిరిగి చూస్తే హాల్లో కుర్చీలు తప్ప మనుషులు లేరు. పక్క హాల్లో భోజనాల దగ్గర మొదటి బంతి నిండిపోయింది. రెండో బంతివాళ్ళు కుర్చీల వెనక కాపలా నిలబడ్డారు.

అక్కని బుట్టతో సహా అక్కడే కింద పెట్టారు. కనురెప్పల మీద పసుపు బియ్యం. నావైపు చూసింది. తిట్టి ఉంటే బావుండేది. తల దించుకుని బోండాం గట్టిగా పట్టుకుంది, అంతే. నాకు ఏడుపొచ్చేసింది. కీబోర్డు కింద దూరి జన్మంతా అక్కడే ఉండిపోవాలనిపించింది. జీవితంలో ఒక్కటే అడిగిన మనిషికి నేను చేసిన నిర్వాకం ఇది.

పెద్దనాన్న నెత్తిన బెల్లంముద్దతోనే భోజనాల హాల్లోకి నడిచాడు. వెనకే నేను.

"అయ్యా, పెళ్లి ఇంకా అవలేదు. దయచేసి ఒక్కసారి లేచి రండి."

"ముందే చెప్పాలి కదరా. విస్తట్లో వడ్డించాక లేస్తే అన్నపూర్ణకి కోపమొస్తుంది" అంది నాయనమ్మ వరసావిడ, గారె కొరుకుతూ.

"మరి ముహూర్తానికి ఆశీర్వదించేవాళ్ళెవరు పిన్నీ?" అన్నాడు పెద్దనాన్న. ఎప్పుడూ వినని గొంతు అది. ఆయన మాటకి ఎదురుండడమే నేనెప్పుడూ చూడలేదు. అట్లాంటి మనిషి చేతులు జోడించాడు.

శాస్త్రిగారే దారి చూపించారు. "రెండు హాళ్ళ మధ్య తలుపులు బార్లా తెరవండి. కూర్చున్నవాళ్ళు కూర్చునే దీవిస్తారు. దోషం లేదు."

"బానే ఉందండి, అక్షింతలేవి? అన్నీ ఇందాకే వేసేశాంగా" అన్నాడు లారీల సుబ్బారావు బాబాయి. ఆయనే ఒక్క క్షణం విస్తట్లోకి చూసుకుని, "అక్షింతలంటే ఏంటి? పసుపూ, బియ్యమూ. ఇదీ పసుపూ, బియ్యమే" అని పులిహోర పిడికిట్లోకి తీసుకున్నాడు. శాస్త్రిగారు నోరు తెరిచారు. వాచీ చూసుకుని మళ్ళీ మూసుకున్నారు.

అసలు ముహూర్తం వచ్చింది. అక్క పీట మీద కూర్చుంది. బావకి కొత్త ముద్ద ఇచ్చారు. ఈసారి పెట్టేముందు తెర మీంచి తొంగి చూసి మరీ ఖాయం చేసుకున్నాడు. శాస్త్రిగారు చెయ్యెత్తారు. కోటయ్యగారు కదల్లేదు. నావైపు చూస్తున్నాడు.

"కొట్టవయ్యా కోటయ్యా."

"ఆ అమ్మాయి ఇంకా వాయించలేదుగా పంతులుగారూ. ఇది నిజం ముహూర్తమేనా?"

"నిజమేనయ్యా, నీకు పుణ్యముంటుంది."

డోలు మోగింది. తెరిచిన తలుపుల్లోంచి, విస్తళ్ళ ముందు నుంచి బంధుగణమంతా పిడికిళ్ళు విసిరారు. చాలావరకు మధ్యలోనే పడింది. సుబ్బారావు బాబాయి లారీ తాళ్ళు విసిరిన చెయ్యి కాబట్టి ఆయనది మాత్రం గురి తప్పకుండా వెళ్ళింది. పెళ్లి ఫొటోలో మా అక్క బాసికం పక్కన ఒక వేరుశనగ గింజ మెరుస్తుంటుంది. "మిరపకాయ ఏరేసే వేశానమ్మా" అని బాబాయి ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు.

సాయంత్రం అప్పగింతలు. నేను ఎవరికీ కనబడకుండా కీబోర్డు సంచిలో పెట్టుకుంటున్నాను. అక్క పెద్దనాన్న చెయ్యి పట్టుకుని, "నాన్నా, నా పాట సగంలో ఆగిపోయింది" అంది.

ఇంక ఈ ఇంట్లో నీ మాట చెల్లదన్నది ఆయనే కదా. పెద్దనాన్న నన్ను ఎగాదిగా చూశాడు. ఆయన చెవి వెనక ఇంకా జీలకర్ర అంటుకునే ఉంది.

"వాయించమను" అన్నాడు. "ఆ దడదడ మాత్రం వద్దను."

వాయించాను. కుడిచేత్తో వేణువు ఒక్కటే. ఎడమచేత్తో అక్కడక్కడా ఒక్కో స్వరం. వయొలిన్లని, గంటల్ని, కోరస్‌ని, డోళ్ళని అన్నిటినీ దారిలోనే దింపేశాను. అక్క కళ్ళు మూసుకుని చివరిదాకా విని, నా నెత్తి మీద చెయ్యి వేసి కారెక్కింది. పెద్దనాన్న కండువాతో ముఖం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. అది మాత్రం సిగ్గుపడాల్సిన విషయం కాదనుకుంటాను.

కథ ఇక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. ఆరునెలలయ్యాక వేటపాలెం నుంచి అక్క ఫోను చేసింది.

"హారికా, జీలకర్ర బెల్లం ఎందుకు పెడతారో తెలుసా?"

"ఆ రెండూ కలిస్తే విడదియ్యలేరట. అలా ఇద్దరూ జన్మంతా విడిపోకుండా ఉండాలని."

"కదా. మీ బావ తెల్లారి లేవగానే మా నాన్నకి ఫోను చేస్తాడు. వారంవారం పేట వెళ్ళి నాన్నతో కలిసి చేలో పురుగుమందు కొట్టిస్తాడు. నాన్న ఇక్కడికొస్తే ఇద్దరూ జీడిపప్పు వేయించుకుని సాయంత్రం దాకా అరుగు దిగరు. నిన్న నేను సినిమాకి వెళ్దామంటే, మామయ్యగారు కూడా వస్తానన్నారు, ఆగుదాం అన్నాడు. ముద్ద ముందు ఎవరి నెత్తిన పడిందో వాళ్ళతోనే ముడిపడిందే. నువ్వు చేసిన పెళ్లే ఇది."

అందుచేత పాఠక మహాశయులారా, కీబోర్డు మీద కుడిచెయ్యి ఉంచి ప్రమాణం చేస్తున్నాను. ఎడమచేతిని నమ్మడానికి లేదు కనుక దాన్ని వెనక్కి కట్టుకున్నాను. ఇకమీదట ఏ పాటని పియానోకి దించినా, అందులోంచి ముందు డోళ్ళని దింపుతాను. పీటల మీద ఎవరున్నారో, తెర వెనక ఎవరి తల ఉందో లేచి స్వయంగా చూసుకుంటాను. ఆ తలకి జుట్టుంటేనే మొదటి స్వరం నొక్కుతాను.